పోరుబందరులోని గాంధీల యిల్లు

మన యూళ్లలో ఒక పాత యింటిని చూపి యిది యెవరిదని యడిగినచో, పెద్దలు నేటి యజమాని పేరు చెప్పి యూరకుండరు. మొదట పునాది తీసిన దెవరు, అది యెవరి చేతినుండి యెవరి చేతికి మారినది, ఏ యేటి గాలివానలో పెంకు లేచిపోయినది, ఏ యన్నదమ్ముల పంపకములో నడుమ గోడ లేచినది, అన్నియు వరుసగా చెప్పుదురు. ఆ సంగతులలో సగము కాగితములలో దొరకును. తక్కిన సగము నోటనే యుండును. నేడు నేను చెప్పదలచిన యింటి కథయు అట్టిదే.

ఆ యిల్లు మన దేశపు పడమటి కొసను, సౌరాష్ట్రములో, అరేబియా సముద్రపుటొడ్డున పోరుబందరు పట్టణమున నున్నది. 1869 అక్టోబరు 2వ తేదీన మోహనదాసు కరంచందు గాంధీ పుట్టినది ఆ యింటనే. ఈ మాట పిల్లలకును తెలియును. కాని ఆ శిశువు పుట్టుటకు తొంబదిరెండేండ్లకు ముందే ఆ యిల్లు గాంధీల చేతికి వచ్చినది. ఆ తొంబదిరెండేండ్లలో అక్కడ జరిగినదేమి యని యడుగువారు తక్కువ. నాకు ముఖ్యమైనది ఆ ప్రశ్నయే.

ముందుగా ఊరి సంగతి. మన మచిలీపట్టణమును బందరని పిలిచినట్లే అక్కడను బందరనగా రేవు. మీరందరు కుచేలోపాఖ్యానము నెరుగుదురు. చిరిగిన బట్టలో గుప్పెడు అటుకులు మూటగట్టికొని ద్వారకకు పోయిన ఆ పేద బ్రాహ్మణుని ఆ దేశమువారు సుదాముడందురు. పోరుబందరు ఆతని యూరని వారి నమ్మకము. అందుచేతనే దానికి సుదామాపురి యని రెండవ పేరు కలదు. అక్కడ సుదామునకు గుడియు కట్టిరి. కుచేలుని యూరు గదా యని దానిని పేదయూ రనుకొనరాదు. అరేబియాకును ఆఫ్రికా తూర్పుతీరమునకును సరకు మోయు నావలు ఆ రేవున లంగరు వేసెడివి. అక్కడి గనులలో తెల్లని సున్నపురాయి దొరకును. త్రవ్వినపుడు రంపముతో కోయదగినంత మెత్తగా నుండి, గాలికిని ఎండకును ఏండ్ల తరబడి నిలిచి గట్టిపడును. బొంబాయిలోని పెద్ద కట్టడములకును ఆ రాయి పోయినది. గాంధీల యిల్లున్న వీధిలోను ఆ రాతి గోడలే.

1777లో హరిజీవన్ గాంధీ యను నతడు స్థానికురాలైన యొక స్త్రీయొద్ద ఈ యింటిని కొనెను. ఇతడు మహాత్మునకు ముత్తాత. గాంధీలు వణిజులు, వైష్ణవులు. జునాగఢము సీమలోని కుతియానా యను నూరు వారి పూర్వస్థానము. గాంధీ యను మాటకే పచారి సరకులమ్మువాడని యర్థము. మా వంశమువారు మొదట పచారీలేమో యని మహాత్ముడు తన యాత్మకథలో దాపరికము లేకుండ వ్రాసికొనెను. తరువాత తాతగారు మొదలు మూడు తరములు కాఠియవాడు సంస్థానములలో దివానులైరి. అంగడి త్రాసునుండి దివానుగిరి వరకు ఒక కుటుంబము నడచినదనిన, ఆ త్రోవలో ఈ యిల్లు అంచెలంచెలుగా పెరిగినది. కొన్ననాడు చిన్నదే. తరువాతివారు మీది యంతస్తులు వేసిరి. నేడు మూడంతస్తులు, ఇరువదిరెండు గదులు.

ఇరువదిరెండు గదులనగానే మన జమీందారుల మేడ మనస్సునకు వచ్చును. నేను రెండేండ్ల క్రిందట అక్కడికి పోయినపుడు నాకును అట్టి తలంపే యుండెను. గుమ్మము దాటి లోనికడుగిడినంతనే అది పోయినది. చీకటి గదులు, ఇరుకు నడవలు, నిట్టనిలువు మెట్లు. మహాత్ముడు పుట్టిన గది క్రింది యంతస్తున నున్నది. దాని పొడవు ఇరువది యడుగులకు మించదు. ఓతా గాంధీయని పిలువబడిన తాత ఉత్తమచందునకు మొదటి భార్యవలన నలుగురు, రెండవ భార్యవలన ఇద్దరు కుమారులు. ఇంటి పెద్ద దివానైనను, కాపురము మాత్రము ఉమ్మడి కుటుంబపు కాపురమే. ఒక్కొక్క కొడుకు సంసారమునకు ఒకటి రెండు గదులు వచ్చినవనిన గొప్ప. ఊరి బావులలో నీరు ఉప్పన గనుక, డాబామీద పడిన వాననీటిని కాలువగుండ దింపి, ముంగిలి క్రింద కట్టిన పెద్ద తొట్టిలో నిలువ చేసికొనెడివారు. ఏడాది పొడుగునను త్రాగుటకు ఆ నీరే. మెట్టసీమలలో కరవు చూచిన మన పెద్దలకు ఆ తొట్టి విలువ నేను చెప్పనక్కరలేదు.

ఇక ఆ కాలపు రాజ్యవ్యవస్థను గూర్చి ఒక మాట చెప్పిననే గాని తరువాతి కథ బోధపడదు. కాఠియవాడులో చిన్నవి పెద్దవి కలిపి రెండువందలకు పైబడి సంస్థానములుండెడివి. 1807లో కర్నల్ వాకర్ అను ఇంగ్లీషు అధికారి ఆ సంస్థానాధీశులతో కప్పము విషయమై ఒడంబడికలు చేసికొనెను. 1820 నుండి రాజకోటలో ఇంగ్లీషువారి పొలిటికల్ ఏజెంటు కాపురముండెను. సింహాసనముమీద రాణా కూర్చుండును. పని దివాను చేయును. ఇరువురి తలమీదను ఏజెంటు కన్ను. అట్టి చోట దివానుగిరి యనగా కత్తిమీద సామే. ప్రభువు కోపము ఒకవైపు, దొర యనుమానము ఒకవైపు, అంతఃపురపు దాసీల చాడీలు మరియొకవైపు.

ఓతా గాంధీ మొదట రేవులో సుంకపుటుద్యోగము చేసి, జేఠ్వా వంశపు రాణా ఖీమోజీ కాలమున దివానయ్యెను. 1831లో ఖీమోజీ మరణించెను. వారసుడు విక్రమాత్‌జీ బాలుడు. తల్లి రూపాళీబా కొడుకు పేర రాజ్యమేలుచుండెను. గాంధీల యింట చెప్పుకొను కథ యిక్కడ మొదలగును. ఖీమా కొఠారి యను కోశాధికారి అంతఃపుర దాసీలు లెక్కకు మించి యడిగిన సొమ్ము ఇయ్యలేదట. వారు రాణిగారితో కొండెములు చెప్పిరి. ఆమె యతనిని పట్టి తెండని యాజ్ఞాపించెను. అతడు పరుగెత్తికొనివచ్చి దివాను గుమ్మమెక్కెను. న్యాయమైన విచారణ జరుగునని మాట యిచ్చిననే గాని ఇతనిని అప్పగింపనని ఓతా గాంధీ కబురంపెను. రాణి సైన్యమును పంపి యింటిని ముట్టడింపజేసి, ఫిరంగులు ప్రేల్పించెను.

ఒక దివానుగారి కొంప మీదికి ఆ సంస్థానపు ఫిరంగులే వచ్చినవి. ఇంట ఆడవారు, పసిపిల్లలు ఉండిరి. కరంచందునకు అప్పుడు పదేండ్ల ప్రాయము. ఇంటిని కాచినవారు కొలువు చేయుచుండిన అరబ్బు భటులు. మన నైజాము రాజ్యమున ధనికుల వాకిళ్ల ముందు అరబ్బులును రొహిల్లాలును కావలి యుండుట కథలుగా వినియున్నాము. కాఠియవాడులోను అదే యాచారము. ఆ పోరాటమున గులాం మహమ్మద్ మక్రానీ యను కావలివాడు ప్రాణములు విడిచెను. ఇంతలో సంగతి రాజకోటలోని ఏజెంటు చెవిని బడినది. అతడు అడ్డుపడగా ముట్టడి యాగినది. గోడకు తగిలిన గుండ్ల గుర్తులు చాలకాలము కనబడుచుండెడివట.

ఇందులో ఎంత నమ్మవలెను? నాకు తోచినది చెప్పెదను. ఇది ఒక పక్షమువారు చెప్పిన కథ. రాణి రూపాళీబా తరఫున చెప్పువారు మనకు లేరు. భర్త పోయి, కొడుకు పసివాడై, కోశాధికారి తన యాజ్ఞను త్రోసిపుచ్చి, దివాను అతనిని సాయుధులైన కావలివాండ్రతో తన యింట దాచికొనగా, ఆమెకు రాజ్యమే చేజారునను భయము కలిగియుండవచ్చును. మన సంస్థానముల చరిత్రలోను ఇట్టి తగవులు లేకపోలేదు. అయినను, శరణన్నవానిని విచారణ లేకుండ విడువననుట ఒక పద్ధతి. దివాను పదవియు, ఇంటి గోడయు, బిడ్డల ప్రాణములును పందెముగా నొడ్డి ఆ మాట పలుకుట మరియొక మెట్టు. కుటుంబము దీనిని మరువకుండుటలో వింత లేదు.

నన్ను కలతపెట్టు సంగతి వేరొకటి. నియమము ఓతా గాంధీది. ప్రాణము గులాం మహమ్మదుది. అతడు ఎవరి కొడుకు, ఎవరి తండ్రి, అతని యాలుబిడ్డలు ఏమైరి, ఒక్క కథలోను లేదు. ఇంటి ప్రక్కనున్న వైష్ణవ మందిరములో అతని పేర ఒక స్మారకశిల ఉంచిరని గాంధీ జీవితచరిత్రకారులు వ్రాసిరి. శ్రీకృష్ణుని గుడిలో మహమ్మదీయుడైన కావలివాని పేరు! నేను ఆ వాక్యము చదివిన నాటినుండియే పోరుబందరు చూడవలెనను కోరిక కలిగినది.

ఏజెంటు అడ్డుపడెనంటిని గదా. ఇందులో ఒక చిత్రమున్నది. ఏ ఇంగ్లీషు ప్రభుత్వమును మనుమడు దేశమునుండి సాగనంపెనో, ఆ ప్రభుత్వపు టధికారియే తాతగారి యింటిని కాపాడెను. చరిత్ర మనము గీసిన గీటులోపల నడువదు.

ముట్టడి తొలగినను ఓతా గాంధీకి ఊరిలో నిలువ నీడ లేకపోయెను. ఆస్తి రాణి వశమైనది. అతడు పూర్వుల యూరైన కుతియానాకు పోయెను. అది జునాగఢము నవాబు రాజ్యము. నవాబు దర్శనమునకు పోయి ఎడమచేతితో సలాము చేసెనట. సభలోనివారు ఇదేమి మర్యాదయని యడిగిరి. నా కుడిచేయి ఇదివరకే పోరుబందరునకు ఇచ్చివేసితిని అని యతడు బదులు చెప్పెనని మహాత్ముని యాత్మకథలో నున్నది. తన యింటిమీద ఫిరంగులు పేల్చిన రాజ్యమునకే ఆ కుడిచేయి! నవాబు మర్యాద తప్పినందుకు నామమాత్రముగా కొంతసేపు ఎండలో నిలువబెట్టి, స్వామిభక్తికి మెచ్చి సుంకముల విషయమున మేలు చేసెనని కొందరు చెప్పుదురు. ఆ భాగమునకు నేను పూచీపడను. ఎడమచేతి సలాము మాత్రము ఇంటివారు మూడు తరములు చెప్పుకొన్న సంగతి.

1841లో రూపాళీబా కాలము ముగిసి విక్రమాత్‌జీ చేతికి అధికారము వచ్చెను. అతడు ఓతా గాంధీని పిలిపించి ఆస్తిని తిరిగి యిప్పించెను. పదేండ్లకు ఇల్లు మరల ఇంటివారిదైనది. దివానుగిరి మాత్రము ఓతా గాంధీ స్వీకరింపలేదు. 1847లో ఆ పదవి ఇరువదియైదేండ్ల కరంచందును వరించెను. కబా గాంధీ యని ఆయన వాడుక పేరు. తరువాత తమ్ముడు తులసీదాసు ఆ గద్దెనే యెక్కెను.

కబా గాంధీని గూర్చి చెప్పు సంగతులలో నాకు మిక్కిలి నచ్చినది కూరగాయల సంగతి. దివానుగారు ప్రక్కనున్న శ్రీనాథజీ మందిరమున కూర్చుండి, ఇంటి వంటకు కావలసిన కూరగాయలు తరుగుచు, ఉద్యోగులతోను వ్యవహర్తలతోను రాచకార్యములు మాట్లాడుచుండెడివాడట. అటువంటి దివానును ఊహించుకొనుడు! ఆయనకు చదువు తక్కువ, లోకానుభవమెక్కువ, కోపము కొంచెము. ధనము కూడబెట్టవలెనను నాశ లేక, తమకు మిగిల్చినది బహుస్వల్పమని కుమారుడే వ్రాసెను. ఆయనకు నాలుగవ భార్యగా పుత్లీబాయి ఆ యింట కాలుపెట్టెను. ఆమె వ్రతములు ఉపవాసములు విడువని యిల్లాలు. ఒక చాతుర్మాస్యమున సూర్యుని చూచిననే గాని భోజనము చేయనని నియమము పట్టెను. వానకాలమున మబ్బు విడిచి సూర్యుడు కనబడినంతనే పిల్లలు తల్లిని పిలుతురు. ఆమె వచ్చునంతలో మబ్బు కమ్మును. పోనిమ్ము, ఈ దినమున నేను తినుట దేవునికిష్టము లేదని నవ్వుచు పనిలోనికి పోవును. ఇట్టి తల్లికి నలుగురు బిడ్డలు. కడగొట్టువాడు మోహనదాసు.

తరువాత కబా గాంధీ రాజకోటకు ఉద్యోగమునకు పోయెను. మోహనదాసునకు ఏడేండ్లప్పుడు కాపురమంతయు అక్కడికి తరలెను. రాజకోటలో జరిగిన ఒక సంగతి ఈ యింటి కథతో చేరవలసినది. అసిస్టెంటు పొలిటికల్ ఏజెంటొకడు రాజకోట ఠాకూరును గూర్చి తేలికగా మాట్లాడెను. కబా గాంధీ అక్కడనే ఎదురు చెప్పెను. దొర క్షమాపణ చెప్పుమనెను. ఈయన చెప్పలేదు. కొన్ని గంటలు నిర్బంధమున నుంచిరి. ఈయన వంగకపోవుటచే విడిచిపెట్టిరి.

మోహనదాసు పెండ్లికి కుటుంబము మరల పోరుబందరు చేరెను. వధువు కస్తూరిబా పుట్టిల్లును ఆ దాపుననే. ఖర్చు కలిసివచ్చునని మోహనదాసునకును, అన్నకును, దాయాది కుమారునకును ఒకేసారి పెండ్లిండ్లు చేసిరి. రాజకోటనుండి పోరుబందరునకు నూటయిరువది మైళ్లు, బండిమీద అయిదు దినముల ప్రయాణము. ఠాకూరు కడపటి నిమిషము వరకు దివానును కదలనీయలేదు. ఆయన మూడు దినములలో చేరవలెనని గుర్రపుబండిలో పరుగెత్తగా, మూడవ మజిలీలో బండి తలక్రిందులై బలముగా గాయపడెను. ఒడలంతయు కట్లతోనే పెండ్లిపందిట కూర్చుండెను. 1885లో ఆయన మరణించెను.

ఇక 1888. ఈ యేడు జరిగినదానిని ఆత్మకథలో చదివినపుడెల్ల నాకు ఎడమచేతి సలాము జ్ఞప్తికి వచ్చును. తండ్రిలేని పిల్లవాడు బారిష్టరు చదువునకు సీమకు పోదలచెను. డబ్బు లేదు. ఇంటి పెద్ద పినతండ్రి తులసీదాసు. ఆయన యనుమతియు, సంస్థానము సొమ్ములో సాయమును కోరుటకు మోహనదాసు పోరుబందరు బయలుదేరెను. అప్పటికి రైలు లేదు. ధోరాజీవరకు ఎడ్లబండి, అక్కడినుండి ఒకనాడు ముందుగా చేరవలెనని ఒంటె. అతడు ఒంటె యెక్కుట అదే మొదలు. పినతండ్రి సముద్రప్రయాణమునకు మనసార సమ్మతింపకున్నను, తల్లి యనుమతించినచో నేను అడ్డురానని చెప్పి పంపెను. ఆ దినములలో పోరుబందరు పాలన ఇంగ్లీషు అధికారి లేలీ చేతిలో నుండెను. పిల్లవాడు ఇంగ్లీషు వాక్యములు వల్లించుకొని పోయెను. దొర మేడమెట్లు ఎక్కుచుండెను. పిల్లవాడు వంగి రెండు చేతులతోను సలాము చేసెను. ముందు బి.ఏ. ప్యాసుకమ్ము, ఇప్పుడు సాయము దొరకదు అని ముక్తసరిగా చెప్పి దొర మీదికి వెడలిపోయెను.

తాత నవాబునకు ఒక చేయి మాత్రమే యిచ్చెను. మనుమడు పందొమ్మిదేండ్లు నిండకముందు దొరకు రెండు చేతులు నిచ్చి వట్టి చేతులతో మరలెను. ఒకే వంశమని, ఒకే రక్తమని మనము సులభముగా అనుచుందుము. నేను ఆ మాట అనజాలను. ఆ దినమున మెట్ల క్రింద నిలిచిన యువకునిలో ఓతా గాంధీ కనబడడు. ఆ పిల్లవాడు అన్నగారు కూర్చిన డబ్బుతో ఆ సెప్టెంబరునెలలో ఓడ యెక్కెను.

తరువాతి కథ దేశమంతయు నెరుగును గనుక ఇంటి సంగతికే వత్తును. వారసులు పలుచోట్ల స్థిరపడగా పాత యిల్లు నిలుచుటే కష్టమైనది. ఉగాండాలో చక్కెర పరిశ్రమవలన ధనము గడించిన నాన్జీ కాళిదాసు మెహతా యను పోరుబందరు వర్తకుడు దానిని కొని కాపాడుటకు ముందుకు వచ్చెను. మహాత్ముడు తన సమ్మతిని వ్రాసి యిచ్చి సంతకము పెట్టెను. తాతముత్తాతల యిల్లు చేజారుచున్నందుకు ఆయన ఏమనుకొనెనో యని నేను పలుమారు తలచితిని. ప్రక్కన కీర్తిమందిరమునకు 1947లో శంకుస్థాపన జరిగినది. 1948 జనవరి 30వ తేదీన మహాత్ముడు పోయెను. 1950 మే 27వ తేదీన సర్దారు వల్లభభాయి పటేలు దానిని ప్రారంభించెను. మహాత్ముని వయస్సునకు గుర్తుగా మందిరపు టెత్తు 79 అడుగులు. పాలరాతి కట్టడము తళతళలాడుచుండును. పాత యిల్లు దాని చాటున ఒదిగియున్నది.

నేను పోయిన దినమున జనము బాగుగా నుండిరి. శిశువు పుట్టిన చోట నేలమీద స్వస్తికము వేసియున్నారు. అందరు అక్కడ ఆగి, చేతులు జోడించి, మరుక్షణమే వెలికి పోవుచుండిరి. మేడమెట్లెక్కువారు కొందరే. నేను ముంగిలిలో తొట్టి మీద కొంతసేపు నిలిచి, వీధిలోనికి వచ్చి, ఆ వైష్ణవ మందిరమెక్కడ యని ఒక దుకాణదారునడిగితిని. అతడు చేయి చూపెను. పోయి చూడగా తలుపులు మూసియుండెను. అక్కడ దేవుని దర్శనము వేళలను బట్టియే యిత్తురు. మధ్యాహ్నపు దర్శనము ముగిసినదనియు, సాయంకాలమునకు గాని తెరువరనియు ఒక ముసలాయన చెప్పెను. గులాం మహమ్మద్ మక్రానీ పేరు విన్నారా యని యడిగితిని. ఆయన నా ముఖము వంక చూచి, మీదే యూరని యడిగెను. చెప్పితిని. అంత దూరమునుండి వచ్చి ఆతనిని గూర్చి యడుగుచున్నారా యనుచు, అరుగుమీద నాకు చోటు చూపెను. నా రైలునకు ఇంకను రెండు గంటల వ్యవధి యుండెను. కూర్చుంటిని.